తొమ్మిదో హాల్లో పిల్లలు

అయిదో వరస పూర్తయ్యేసరికి శేషగిరి చేతిలో చేట నిండిపోయింది. పొడుగు పిడి ఉన్న చేట, పొడుగు పిడి ఉన్న చీపురు. నడుం వంచే పనే లేదు. మనిషి నడుం గురించి ఇంత ఆలోచించిన అమెరికావాళ్ళు పాప్‌కార్న్ నోట్లో వేసుకోవడం మాత్రం నేర్చుకోలేదు. సగం నోట్లోకి, సగం కుర్చీ సందుల్లోకి. ఆ గింజల్ని ఒక్కొక్కటే పుల్లతో లాగుతూ ఆయన రోజూ ఒకే మాట అనుకుంటాడు: బాపట్లలో నేల టికెట్టువాడు కూడా వేరుశనగ తొక్కలు ఒక పక్కకి పోసేవాడు. అది నిజం కాదు. బాపట్ల హాల్లో తొక్కలు చీలమండల దాకా వచ్చేవి. అయినా అలా అనుకుంటే ఆయనకి హాయిగా ఉంటుంది.

అరవయ్యారేళ్ళ మనిషి. సన్నగా ఉంటాడు, కొంచెం కుడివైపుకి ఒరిగి నడుస్తాడు. కుడి కనుబొమ్మ సగం లేదు, ఎప్పుడో కార్బన్ కడ్డీల మంటకి కాలిపోయింది. ఎడమ చెవి వినపడదు. బాపట్ల హాల్లో ఇరవై ఆరేళ్ళు ఆపరేటర్‌గా ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డవాడికి రెండో చెవి మిగలడమే గొప్ప. నల్ల చొక్కా మీద ‘షే’ అని పేరు బిళ్ళ. శేషగిరి అని పూర్తిగా పలకలేక టైలర్ అనే మేనేజర్ ఒక్క అక్షరం మిగిల్చాడు. టైలర్‌కి ఇరవై నాలుగేళ్ళు, గడ్డం ఇంకా అక్కడక్కడే మొలిచింది. వాడు సినిమాని ‘కంటెంట్’ అంటాడు. శేషగిరి దృష్టిలో ఆ ఒక్క మాటకే వాడి ఉద్యోగం తీసెయ్యొచ్చు.

ఈ హాల్లో పన్నెండు తెరలు ఉన్నాయి, ఆపరేటర్ ఒక్కడూ లేడు. తాళం వేసిన గదిలో కంప్యూటరు దాని మానాన అది బొమ్మ వేసుకుంటుంది. ఊడుస్తూ ఊడుస్తూ శేషగిరి ఎప్పుడైనా తెరవైపు చూస్తే కళ్ళు ముందు కుడిపక్క పై మూలకే పోతాయి. రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్క అక్కడే పడేది. చుక్క పడగానే రెండో మిషన్ మొదలుపెట్టాలి. ఇప్పుడు రీళ్ళూ లేవు, చుక్కలూ లేవు. కళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు.

భార్య పోయాక కూతురు శ్రీవల్లి ఆయన్ని అమెరికాలో తనుండే క్యారీ ఊరికి తెచ్చుకుంది. ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరూ ఎవరి గదిలోకీ రారు. ఒకరోజు పొద్దున్నే మైలున్నర నడిచి ఈ హాలుకి వచ్చాడు. లోపల చీకటి వాసన, పాత తివాచీ వాసన కలిసి ముక్కుకి తగిలేసరికి కౌంటర్ దగ్గరికి వెళ్ళి వచ్చీరాని ఇంగ్లీషులో పని అడిగాడు. ఊడ్చే పని ఇచ్చారు. ఆ సంగతి చెప్పాక శ్రీవల్లి మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాలుగో రోజు, “మా ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు నాన్నా? మామగారి చేత చీపురు పట్టించాడని దివాకర్‌ని అనరూ?” అంది.

“నేనేం దొంగతనానికి పోవట్లేదు కదమ్మా.”

“అది కాదు నాన్నా. మీకు అర్థం కాదు.”

చివరికి ఒప్పందం కుదిరింది. పొద్దుటి డ్యూటీ మాత్రమే. తెలుగు సినిమా ఉన్న రోజు ఆ చుట్టుపక్కలకే పోకూడదు. డ్యూటీ దిగాక ముందు గుమ్మంలో నిలబడకూడదు; హాలు వెనక చెత్తడబ్బాలు ఉన్నచోటికి కారు వస్తుంది, అక్కడ ఎక్కాలి. మనవరాలు సాన్వికి మాత్రం తాతయ్య లైబ్రరీకి వెళ్తున్నారని చెప్పారు.

ఎనిమిదేళ్ళ సాన్వి నమ్మింది. సాయంత్రం కాగానే పక్కన చేరి, “తాతా, టుడే ఏ బుక్ చదివావ్?” అని అడుగుతుంది. ఆయన ఏ పాత సినిమా కథో పుస్తకంలో చదివినట్టు చెబుతాడు. అది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళార్పకుండా ఆయన మొహంలోకే చూస్తూ వింటుంది. ఆ ఇంట్లో ఆయన మాట్లాడుతున్నప్పుడు మొహంలోకి చూసే మనిషి అదొక్కతే. తాత చదువుకున్నవాడు కాదు, ఊడ్చేవాడు అని తెలిస్తే ఆ చూపు ఏమవుతుందో అన్నదే ఆయన భయం. అబద్ధానికి ఒప్పుకున్నందుకు తన మీద తనకే రోత. అయినా ఒప్పుకున్నాడు.

ఆ బుధవారం ఆయన మధ్యాహ్నం కూడా ఉండిపోయాడు. ఒక కుర్రాడు పనికి రాలేదు, ఉంటావా అని టైలర్ అడిగాడు. తెలుగు సినిమా ప్రీమియర్ ఉంది, అసలైతే పారిపోవాల్సిన రోజు. కానీ తొమ్మిదో హాల్లో, బుధవారాలు ముసలివాళ్ళ కోసం వేసే పాత సినిమాల వరసలో, ఒక స్వీడన్ సినిమా ఉంది. వారం క్రితమే పోస్టర్ చూసి గుర్తుపట్టాడు. పెద్ద భోజనాల బల్ల, దాని కింద దాక్కుని పెద్దవాళ్ళ కాళ్ళు చూస్తున్న చిన్న పిల్ల. శ్రీవల్లికి ఆలస్యమవుతుందని ఫోన్ చేస్తే, “సరే నాన్నా, ఆఫీస్‌లో మీటింగ్ ఉంది, తర్వాత వస్తా” అని పెట్టేసింది.

ఆ సినిమా ఆయన చేతుల మీదుగానే బాపట్లలో ఆడింది. ఎనభై నాలుగులో, ఒక ఆదివారం పొద్దున, ఫిల్మ్ సొసైటీ వాళ్ళ కోసం. డబ్బాల మీద నంబర్లు చెరిగిపోయాయి. శేషగిరి నాలుగో రీలు, అయిదో రీలు తారుమారు చేశాడు. ముందు తండ్రి చచ్చిపోయి శవపేటిక వెళ్ళిపోయింది, తర్వాత అదే తండ్రి కాఫీ తాగుతూ నవ్వుతూ కూతుర్ని భుజాన ఎక్కించుకున్నాడు. తప్పు తెలిసి ఆయనకి చెమటలు పట్టాయి. కింద ఒక్కడూ కదల్లేదు. సినిమా అయ్యాక ఆంజనేయప్రసాద్ అనే లెక్చరర్ లేచి, జుబ్బా సవరించుకుని, నలభై నిమిషాలు మాట్లాడాడు. పసివాళ్ళకి చావు ముగింపు కాదనీ, అందుకే దర్శకుడు తండ్రిని తిరిగి తెచ్చాడనీ, ఇలాంటి సాహసం మనవాళ్ళు కలలో కూడా చెయ్యలేరనీ చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. పైన బూత్‌లో శేషగిరి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆ రోజు నుంచీ చదువుకున్నవాళ్ళంటే ఆయనకి పూచికపుల్ల పాటి గౌరవం లేదు. కానీ ఆ సినిమా సరైన వరసలో ఎలా ఉంటుందో ఆయనకీ తెలియదు.

ఒంటిగంటన్నరకి లాబీ నిండింది. ఇండియాలో అర్ధరాత్రి పడే ఆట ఇక్కడ పట్టపగలే పడుతుంది. ఆఫీసులో ఒకడు పంటి నొప్పి అని చెప్పి వచ్చాడు, ఇంకొకడు పిల్లకి జ్వరమని చెప్పి పిల్లతో సహా వచ్చాడు. కాగితాలు విసిరితే ఇకమీద తెలుగు సినిమాలు వెయ్యబోమని టైలర్ తలుపు మీద పెద్ద నోటీసు అంటించాడు. నోటీసు ముందే నిలబడి మోహన్ అనే ఒకడు పసిపిల్లాడి డైపర్ సంచిలోకి చించిన కాగితాలు కూరుతున్నాడు. శేషగిరి దగ్గరికి వస్తే వాడు తలెత్తి పక్కవాడితో, “వీడేం చూడ్లేదులే. మెక్సికనోడు, పట్టించుకోడు” అన్నాడు. లక్షల జీతం, మెళ్ళో ఆఫీసు కార్డు, చేతిలో డైపర్ సంచీ. బాపట్లలో కాగితాలు విసిరే రిక్షావాళ్ళు కనీసం అబద్ధమాడి వచ్చేవాళ్ళు కాదు.

అప్పుడు వినిపించింది ఆడగొంతు.

“ఫ్యామిలీ డ్రామా అట వల్లీ, చిల్డ్రన్ పాయింట్ ఆఫ్ వ్యూ అట. మనది త్రీ అవర్స్, అదీ త్రీ అవర్స్. రన్‌టైమ్ పర్ఫెక్ట్ మ్యాచ్! పిల్లల్ని అందులో కూర్చోబెట్టేద్దాం.”

చెబుతున్నది రేణు, శ్రీవల్లి స్నేహితురాలు. చుట్టూ తొమ్మిదిమంది పిల్లలు. రేణు పక్కనే హీరో బొమ్మ ఉన్న టీషర్టులో శ్రీవల్లి. శ్రీవల్లి చెయ్యి పట్టుకుని సాన్వి. శేషగిరికి దాక్కోవడానికి దొరికింది హీరోగారి అట్ట బొమ్మ ఒక్కటే. ఆరడుగుల అట్ట హీరో, వెనక చీపురు పట్టుకుని అసలు మనిషి. ఆఫీసులో మీటింగ్ ఇదన్నమాట అనుకున్నాడు.

అది ఏ భాష సినిమానో ఒక్క తల్లీ చూడలేదు, ఒక్క తండ్రీ చూడలేదు. పిల్లల బొమ్మ ఉంది కాబట్టి పిల్లల సినిమా. టికెట్లు కొనేశారు, పాప్‌కార్న్ బకెట్లు చేతుల్లో పెట్టారు, తొమ్మిదో హాల్లోకి తోలారు. కాపలాకి రేణు కూర్చుంది. పది నిమిషాల తర్వాత నాలుగో హాల్లోంచి ఈలలు గోడలు దాటి వినిపించాయి, హీరో వచ్చాడు. రేణు లేచి ఒకటే పరుగు.

మరో అయిదు నిమిషాలకి శేషగిరి నడుముకి ఉన్న వాకీటాకీలో టైలర్ గొంతు పలికింది. తొమ్మిదిలో పిల్లలు గోల చేస్తున్నారట, ముసలివాళ్ళు ఫిర్యాదు చేశారట, చూడమన్నాడు. ఇంకెవరినైనా పంపమని చెప్పడానికి ఇంకెవరూ లేరు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, టార్చి వెలుగు నేలకేసి వేసుకుంటూ లోపలికి వెళ్ళాడు. జె వరస నిండా మనవాళ్ళే. పదకొండేళ్ళ శ్రేయాస్ ముందు కుర్చీ మీద కాళ్ళు పెట్టి, “దిస్ ఈజ్ నాట్ ఈవెన్ ఇంగ్లిష్!” అని అరుస్తున్నాడు. చివరి కుర్చీలో సాన్వి మోకాళ్ళు గుండెకి ఆనించుకుని కూర్చుంది. దానికి చీకటంటే భయం.

టార్చి వెలుగు మొహాన పడగానే అది ఆయన చేతినే చూసింది. గోళ్ళు నల్లబడ్డ ఆ చేతిని చూసి తర్వాత మొహం చూసింది.

“తాతా? వై ఆర్ యూ హియర్? నువ్వు లైబ్రరీలో ఉండాలి కదా?”

శేషగిరి టోపీ వెనక్కి తోశాడు. రెండేళ్ళుగా భయపడింది ఈ క్షణానికే. “ఇదే తల్లీ, నా లైబ్రరీ” అన్నాడు.

అది పేరు బిళ్ళ మీద వేలు పెట్టింది. చీపురు వైపు చూసింది. “నువ్వు క్లీన్ చేస్తావా?”

“ఊఁ.”

“మూవీస్ అన్నీ ఫ్రీయా?”

“అన్నీ ఫ్రీనే.”

“సో కూల్” అంది. చూపు మారలేదు. అదే కళ్ళు, అదే గడ్డం కింద చెయ్యి. ఆయన పక్కన ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. రెండేళ్ళు చెత్తడబ్బాల దగ్గర కారు ఎక్కింది ఈ పాటి దానికా అని నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఇది పట్టుకో, భయం వేస్తే కిందికి వేసుకో” అని టార్చి దాని చేతిలో పెట్టాడు.

తర్వాత జరిగింది చూస్తే ఆంజనేయప్రసాద్ జుబ్బా చింపుకునేవాడు. పిల్లలు సినిమాలో పడ్డారు. పెద్దపిల్లలు తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి చిన్నవాళ్ళ చెవుల్లో చెప్పడం మొదలుపెట్టారు, కాసేపటికి చెప్పడమూ మానేశారు. మంచు, పెద్ద ఇల్లు, నలభైమంది తినే పండగ భోజనం, బల్ల కింద ఆ పిల్ల. పైన ఒకరినొకరు పొగుడుకుంటున్న వాళ్ళు కింద ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటుంటే తొమ్మిదిమందీ ఒక్కసారి నవ్వారు. వాళ్ళ ఇళ్ళల్లో పార్టీలప్పుడు వాళ్ళు చూసేదీ అదే. తండ్రి కాఫీ తాగుతూ నవ్వాడు, కూతుర్ని భుజాన ఎక్కించుకున్నాడు. తర్వాత చచ్చిపోయాడు. ఈసారి తిరిగి రాలేదు. శ్రేయాస్ కుర్చీ మీంచి కాళ్ళు దించాడు.

తల్లి ఒక బడిపంతుల్ని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. బెత్తం లేనిదే మాట్లాడని మనిషి, గోడల మీద ఒక్క బొమ్మ కూడా లేని ఇల్లు. చచ్చిపోయిన తండ్రికి ఒక తమ్ముడు ఉన్నాడు, చిరుగుల కోటు వేసుకుని పాటలు పాడుతూ తిరిగే తాగుబోతు. పిల్లంటే ప్రాణం. చూసిపోదామని మంచులో నడిచి గుమ్మంలోకి వచ్చాడు. పంతులు బెత్తం చంకలో పెట్టుకుని, ఈ మనిషి నీకు తెలుసా అని పిల్లని అడిగాడు. పిల్ల బాబాయి మొహంలోకి సూటిగా చూసింది. తెలియదంది. తలుపు వేసేశారు.

సాన్వి ఆయన చొక్కా లాగింది. “తాతా, వై డిడ్ షీ లై?”

“తెలుసంటే ఆయన్ని కొడతారమ్మా. కాపాడ్డానికి అలా చెప్పింది.”

“ఓ” అంది సాన్వి. చాలాసేపు ఆలోచించింది.

ఇంకో రీలు ఉంటుందనగా వాకీటాకీ మళ్ళీ మోగింది. నాలుగో హాల్లో కాగితాలు విసిరారు. ఆట అయిపోవస్తోంది, తర్వాతి ఆటకి ఇరవై నిమిషాలే ఉంది, రమ్మన్నాడు టైలర్. బాపట్లలో సరైన వరస చూడలేదు, ఇక్కడ చివర చూడలేదు. వరసలు, రీళ్ళు, ముగింపులు అన్నీ చదువుకున్నవాళ్ళకే వదిలేసి చీపురు తీసుకుని లేచాడు.

నాలుగో హాలు పెళ్ళిపందిరి ఎత్తేసినట్టుంది. కుర్చీల మీద, మెట్ల మీద, చల్లబడ్డ చీజ్ గిన్నెల్లో కాగితమే. చేతిలోకి తీసుకుని చూస్తే ఆఫీసు ప్రింటర్ల మీద తీసి చించిన కాగితాలు, వాటి మీద వాళ్ళ కంపెనీల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. దొంగతనం కూడా శుభ్రంగా చెయ్యడం రాదు. చేట నింపుకుని బయటికి వచ్చేసరికి నడవాలో మనవాళ్ళంతా పిల్లల్ని ఏరుకుంటున్నారు. తప్పుకునే దారి లేదు. శ్రీవల్లి ఆయనకి మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. దాని జుట్టులో రెండు కాగితం ముక్కలు.

“వల్లీ, ఈయనే పిల్లల పక్కన కూర్చున్నాడట!” అంది రేణు. “ఎంత మంచివాడో పాపం. ఇండియనేనంటావా?”

తండ్రీ కూతురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దాని మొహంలో రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. అంతే.

“థాంక్యూ అంకుల్” అంది శ్రీవల్లి. తడబడలేదు. “సాన్వీ, అంకుల్‌కి థాంక్యూ చెప్పు.”

సాన్వి తల్లిని చూసింది, చుట్టూ నిలబడ్డవాళ్ళని చూసింది, తర్వాత ఆయన మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళలో ఏమీ లేదు. “థాంక్యూ అంకుల్” అంది.

చేట ఒరిగి కాగితాలు నేల మీద పడ్డాయి. వాళ్ళు వెళ్ళిపోయారు, ఆయన మళ్ళీ ఊడ్చాడు. ఊడుస్తుంటే బాపట్ల కాన్వెంటు కళ్ళ ముందుకి వచ్చింది. శ్రీవల్లికి అప్పుడు ఎనిమిదేళ్ళే. స్కూల్లో ఎవరైనా అడిగితే మా నాన్న సినిమా హాలు మేనేజర్ అని చెప్పమని నేర్పింది ఆయనే. టీచర్ అడిగిందట, అది తడుముకోకుండా అలాగే చెప్పిందట. ఆ సాయంత్రం దాని తల నిమిరి, మంచి పిల్లవమ్మా అన్నాడు. హాలు గేటు దగ్గరికి ఎప్పుడూ రానిచ్చేవాడు కాదు. లోకంలో ఎవరెవరినో ఈసడించుకుంటూ వచ్చాడు గానీ ఆ ఆపరేటర్‌ని మించిన వెధవ ఎవడూ ఆయనకి తగల్లేదు.

అయిదున్నరకి వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఎండ ఇంకా మండుతోంది. చెత్తడబ్బాల పక్కన కారు ఉంది. వెనక సీట్లో సాన్వి పక్కన కూర్చున్నాడు. శ్రీవల్లి అద్దంలోంచి కూడా ఆయన్ని చూడలేదు.

“మీరు మా హాలు దగ్గరికే వస్తారని నాకేం తెలుసు నాన్నా?” అంది స్టీరింగ్‌తో. “అక్కడ అందరి ముందూ నేనేం చెయ్యను?”

సాన్వి ఆయన చెవి దగ్గరికి వంగింది. చెవిటి చెవి అని దానికి తెలుసు, అటు కాకుండా మెడ చుట్టూ చెయ్యి వేసి రెండోవైపు చెప్పింది.

“తాతా, నేను చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పను. ఆ గర్ల్ లాగే. ఇంక నిన్ను ఎవరూ కొట్టరు.”

గుసగుసే గానీ ముందు సీటుకి వినిపించింది. శ్రీవల్లి గట్టిగా ఊపిరి వదిలింది. “గుడ్ గర్ల్” అంది.

శేషగిరి తలుపు తీసుకుని దిగాడు.

“నాన్నా, ఏమైంది? ఎక్కడికి?”

“ముందు గుమ్మం దగ్గరికి రా అమ్మా. అక్కడ ఎక్కుతాను.”

“రేణు వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఫోటోలు దిగుతున్నారు!”

“ఉండనీ. దాని తాతనని దాని చేత చెప్పించు. ఎవరూ కొట్టరని చెప్పు.”

హాలు చుట్టూ తిరిగి ముందుకి నడిచాడు. పేరు బిళ్ళ తియ్యలేదు, టోపీ మాత్రం తీసి చేత్తో పట్టుకున్నాడు. గుమ్మం పక్కన సిమెంటు బల్ల ఉంటే దాని మీద కూర్చున్నాడు. రేణు, మోహన్, ఇంకో పదిమంది అట్ట హీరోని బయటికి లాక్కొచ్చి రెండు వేళ్ళు చూపిస్తూ ఫోటోలు దిగుతున్నారు. ఆయన ఎదురుగా దారిని చూస్తూ కూర్చున్నాడు.

కారు వచ్చింది. మూల మీద నెమ్మదించింది. ఆయన లేచి నిలబడ్డాడు. అది ఆగలేదు. అద్దాలు ఎత్తుకుని ఆయన ముందునుంచి పోయింది. జేబులో ఫోన్ కదిలింది: ‘వాళ్ళు వెళ్ళాక రౌండ్ వేసి వస్తా నాన్నా. ప్లీజ్.’ వెనక అద్దంలో సాన్వి మొహం కనిపించింది. చెయ్యి ఎత్తితే చూస్తుందని శేషగిరి చెయ్యెత్తాడు. సాన్వి సూటిగా చూసింది. చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. కారు రోడ్డెక్కి సిగ్నల్ దగ్గర మలుపు తిరిగింది.

ఫోన్ మళ్ళీ ఎన్నిసార్లు మోగినా తియ్యలేదు. రౌండ్ వేసి వచ్చిన కారు వెనకా ముందూ వెతికి వెళ్ళేసరికి ఆయన లోపల ఉన్నాడు. ఆ రాత్రికి వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో ఉండే మేనల్లుడికి ఫోన్ చెయ్యాలనుకున్నాడు, వారం తిరక్కుండా అక్కడికే వెళ్ళిపోయాడు కూడా. రాజీనామా అంటే ఏముంది, పేరు బిళ్ళ టైలర్ బల్ల మీద పెట్టాడు. వాడు ‘ఓకే, షే’ అన్నాడు.

కానీ ఆ సాయంత్రానికి ఇంకా ఊడవాల్సిన హాలు ఒకటి మిగిలింది. తొమ్మిదోది. తెర నల్లగా ఉంది, ముసలివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. జె వరస చివరి కుర్చీ కింద, పాప్‌కార్న్ గింజల మధ్య, టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.